మూసేసిన ఊళ్ళో నా డ్యూటీ

ఆరోగ్య శాఖలో కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. బ్యాగులో ఏమేం పెట్టుకోవాలమ్మా అని అడుగుతారు. ముందు కాళ్ళకు మంచి చెప్పులు కొనుక్కోండి అంటాను. వాళ్ళు నవ్వుతారు. నేను మాత్రం నవ్వులాటకు చెప్పను. పల్లెల్లో నర్సు ఉద్యోగమంటే నడక. తలుపు కొట్టడం, అరుగు మీద కూర్చోవడం, ఎదుటి మనిషి చెప్పేది చివరిదాకా వినడం. సూది వెయ్యడం వీటన్నిటి తర్వాత వచ్చే చిన్న పని.

దేశమంతా లాక్‌డౌన్ పెట్టిన రోజులకు నేను రిటైరయి మదనపల్లెలో ఉన్నాను. చౌడేపల్లె వైపు పనిచేస్తున్న ఒక అమ్మాయి ఫోన్ చేసి ఏడ్చింది. "అమ్మా, ఊరికి కంచె కట్టేసినారు. బయటోళ్ళు నన్ను లోపలికి పోవద్దంటారు, లోపలోళ్ళు యాల వచ్చినావని తిడతాండారు. నీ సర్వీసులో ఇట్లాంటిది సూసినావా?"

చూశాను. నేను చూసింది దేశమంతా కాదు, ఒక్క ఊరు. ఆ అమ్మాయికి ఫోన్లో చెప్పిందే ఇక్కడ కాస్త విడమరిచి రాస్తున్నాను. ఆ ఊరి పేరు రాయను. వాళ్ళిప్పుడు చక్కగా పాల వ్యాపారం చేసుకుంటున్నారు. పాత జబ్బు పేరు చెప్పి వాళ్ళను మళ్ళీ నలుగురి నోళ్ళలో పెట్టడం నాకిష్టం లేదు.

మదనపల్లెలో నేర్చుకున్నది

నా పేరు సుగుణ. మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రి వెనక లైను ఇళ్ళలో పుట్టాను. మా అమ్మ వార్డుల్లో దుప్పట్లు ఉతికేది. నర్సు ట్రైనింగు కూడా నాకు అక్కడే అయింది. మా హెడ్ నర్సు మహా కోపిష్టి. మేము ఆమె చెప్పుల చప్పుడు వింటే చాలు, మంచాల కింద దుమ్ము తుడిచేవాళ్ళం.

ఒకసారి బి.కొత్తకోట దగ్గరి పల్లె నుంచి ఒకామె జ్వరంతో ఉన్న బిడ్డను తెచ్చి చేర్చింది. బిడ్డకు కాస్త నయం కాగానే ఇంటికి పోతానని మూట కట్టుకునేది. మేము తిట్టి కూర్చోబెట్టేవాళ్ళం. కాసేపటికి మళ్ళీ మూట కట్టేది. చదువులేని మనిషి, మొండిదని మేము అనుకున్నాం. హెడ్ నర్సు వచ్చి ఆమె పక్కన మంచం మీదే కూర్చుంది. "యాల పోతానంటావమ్మా? ఇంట్లో ఏముండాది?" అని అడిగింది.

"మేక ఉండాదమ్మా. ఈనే పొద్దులు. కొట్టంలో కట్టేసి వచ్చినా. పక్కింటోళ్ళతో మాటల్లేవు. విప్పేవాళ్ళు లేరు."

హెడ్ నర్సు బి.కొత్తకోట బస్సు డ్రైవరుతో ఆ ఊరికి కబురు పంపింది. పక్కింటివాళ్ళు మేకను విప్పి, గడ్డి వేసి, మేకపిల్లలు పుట్టాక మళ్ళీ అదే బస్సులో తిరుగు కబురు పంపారు. ఆ తర్వాత ఆ తల్లి కదలమన్నా కదల్లేదు. బిడ్డకు పూర్తిగా నయమయ్యాకే వెళ్ళింది. మమ్మల్ని ఆ రోజు హెడ్ నర్సు తిట్టలేదు. "ఇన్నిసార్లు కూర్చోబెట్టినారు, ఒక్కసారన్నా అడిగినారా?" అంది, అంతే. ఆమె తిట్లన్నీ మరిచిపోయాను. ఆ మాట మరిచిపోలేదు.

ఊరు మూసిన విధం

తొంభైల మధ్యలో నాకు పుంగనూరు అవతల, చౌడేపల్లె వైపు పోస్టింగు వచ్చింది. నేను చూసే ఊళ్ళలో ఒకటి పాడికి పేరుపడింది. పైన రైతుల ఇళ్ళు, వాటి నడుమ రాతి మెట్ల బావి. ఊరికి కాస్త దిగువన, రోడ్డు వైపు, దళితుల కాలనీ. కాలనీ వాళ్ళను బావి మెట్లు దిగనిచ్చేవారు కాదు. దూరంగా నిలబడితే ఎవరైనా దయతలచి పోయాలి. తర్వాత ప్రభుత్వం వాళ్ళకు విడిగా ఒక బోరింగు వేసింది, చేత్తో కొట్టుకునే పంపు.

నన్ను పై ఊళ్ళో మర్యాదగానే చూసేవారు. అరుగు మీద చాప పరిచేవారు. మంచినీళ్ళు అడిగితే మాత్రం పైనుంచి దోసిట్లో పోసేవారు. నా మెడలోని శిలువ చూసి, నేను ఏ వీధిలో పుట్టి ఉంటానో వాళ్ళే నిర్ణయించుకున్నారు. నేను అది పట్టనట్టే ఉండేదాన్ని. బాధ లేక కాదు. వాళ్ళ బిడ్డలకు టీకాలు వెయ్యాలి గదా.

ఆ ఏడు తొలకరి గట్టిగా పడింది. వాన వెలిసిన కొద్ది రోజులకే పై ఊళ్ళో వాంతిబేది మొదలైంది. ఒకరిద్దరితో మొదలై ఇంటింటికీ పాకింది. గంగులప్ప అని ఒక పెద్దాయన ఉండేవాడు. ఏ ఇంట్లో ఆవు ఈనుతున్నా ఆయన్నే పిలిచేవారు. ఆయన్ను పుంగనూరు ఆసుపత్రికి తీసుకుపోతుండగా దారిలో, జీపులోనే ప్రాణం పోయింది. చావు వార్త పేపర్లో పడింది.

మర్నాడే పైనుంచి ఒక పెద్దాఫీసరు వచ్చారు. జీపు దిగారు గాని, రోడ్డు దాటి లోపలికి రాలేదు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని అక్కడి నుంచే ఆర్డర్లు వేశారు. బస్సు ఈ ఊళ్ళో ఆగకూడదు. పాల బండి రాకూడదు. బడి మూయాలి. సంతకు ఈ ఊరి మనిషిగాని, ఈ ఊరి కాయగాని పోకూడదు. ఆసుపత్రి డాక్టరు తప్ప బయటివాళ్ళెవరు లోపలికి వచ్చినా, ఊరు తెరిచేదాకా లోపలే ఉండాలి. రోడ్డు మొదట్లో ఒక కానిస్టేబులుకు స్టూలు వేసి కూర్చోబెట్టారు.

మా ఆసుపత్రి డాక్టరు కోస్తా నుంచి కొత్తగా వచ్చిన యువకుడు. ఆయన కాస్త భయపడుతూనే అడిగారు. "మరి నీళ్ళ సంగతి ఏం చేద్దామండి?"

"ముందు కదలికలు ఆపండి. నీళ్ళు తర్వాత చూద్దాం" అన్నారు పెద్దాఫీసరు.

నా ఉద్యోగంలో విన్న మాటల్లో ఇంత తప్పు మాట ఇంకొకటి లేదు. వాంతిబేది ప్రధానంగా నీళ్ళలో వస్తుంది. మేము మనుషుల్ని మూసి, బావిని తెరిచిపెట్టాం. మా డాక్టరు ఆ పూటే తనంతట తాను బావిలో బ్లీచింగ్ పౌడరు కలిపించారు. అది కొన్నాళ్ళు పనిచేసింది. ఆ తర్వాత మళ్ళీ వాన పడింది.

నేను బడిలో ఒక గది శుభ్రం చేసుకుని అక్కడే మకాం పెట్టాను.

ఆవులకు ఎవరు చెప్పాలి

ఊరు మూస్తే ఏమవుతుందో ఆఫీసుల్లో ఉన్నవాళ్ళకు తెలియదు. మాకూ అప్పటిదాకా తెలియదు. మొదట ఒక రకమైన పండగలా ఉంటుంది. బడి లేదని పిల్లలు గంతులేస్తారు. మగవాళ్ళు బండల మీద పులిజూదం గీసుకుంటారు. ఆ తర్వాత మెల్లగా ఒక్కొక్క కష్టమే తలుపు తడుతుంది. టీపొడి అయిపోతుంది. మంగలి పొరుగూరివాడు, రాడు, గడ్డాలు పెరుగుతాయి. తోటలో టమేటా పండి, ఎర్రబడి, కోసేవాళ్ళు లేక మడుల్లోనే కుళ్ళిపోతుంది. పొరుగూరి వాళ్ళు అడ్డదారుల్లో తుమ్మకంప నరికి వేస్తారు. ఆ కంపకు అవతల నిలబడిన బంధువు చెయ్యెత్తి పలకరిస్తాడు గాని, అడుగు ముందుకు వెయ్యడు. జబ్బు కంటే ఆ చూపు ఎక్కువ బాధ పెడుతుంది.

ఊరికి పెద్దదిక్కు రెడ్డెప్ప. కొట్టం నిండా ఆవులున్న రైతు. మాట దాచుకునే మనిషి కాదు. నేను వాళ్ళింటికి ఉప్పు చక్కెర నీళ్ళు కలిపే పద్ధతి చెప్పడానికి పోతే అరుగు మీదే నిలబెట్టి అడిగాడు.

"ఏం నర్సమ్మా, మనుషులకు చెప్తిరి ఇంట్లో ఉండమని. ఆవులకు ఎవురు చెప్పేది, పాలు ఇయ్యొద్దని?"

 పొద్దునా సాయంత్రం పాలు పిండుతూనే ఉండాలి, లేకుంటే ఆవుకు పొదుగు వాపు వస్తుంది. పిండిన పాలు ఎక్కడ పోయాలి? కొన్ని రోజులు పెరుగు తోడుపెట్టారు. కుండలన్నీ నిండాక వెన్న తీశారు, కోవా కాచారు. రెడ్డెప్ప తల్లి, ఆ ఇంటి అవ్వ, పొయ్యి ముందునుంచి లేవనే లేదు. చివరికి డాక్టరును అడిగాను, కాచిన నెయ్యి బయటికి పంపితే తప్పేమిటి సార్ అని. ఆయన ఆలోచించి, తప్పేమీ లేదన్నారు. నెయ్యి డబ్బాలు కానిస్టేబులు స్టూలు పక్కన పెడితే పుంగనూరు వ్యాపారి వచ్చి తీసుకుపోయేటట్టు మాట్లాడాం. చిన్న పనే, కానీ ఆ రోజునుంచి రెడ్డెప్ప నన్ను చూసి ముఖం తిప్పుకోవడం మానేశాడు.

కాలనీలో కష్టం ఇంకో రకం. వాళ్ళు కూలివాళ్ళు. పని లేకపోతే పొయ్యి లేదు. పై ఊళ్ళో పెరుగు పులిసి పారబోస్తుంటే, కింద పిల్లలు పలచటి రాగి అంబలితో సరిపెట్టుకునేవారు. మధ్యన ఒక్క వీధి. ఆ వీధి దాటి ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. ఎందుకంటే పై ఊళ్ళో అప్పటికే ఒక మాట పుట్టింది. కాలనీలో ఎవరో బెంగళూరు నుంచి వచ్చారట, జబ్బు వాళ్ళే తెచ్చారట. ఎవరు చూశారంటే ఎవరూ చూడలేదు. అయినా కాలనీ వాళ్ళు పై వీధిలో నడవకూడదని కట్టడి చేశారు. మూసిన ఊళ్ళో ఇంకో మూసివేత.

పెళ్ళికొడుకు వచ్చాడు

రెడ్డెప్ప కూతురు శైలజకు ముందే కుప్పం సంబంధం కుదిరింది. ముహూర్తం దగ్గర పడింది. పేపర్లో ఊరి పేరు పడగానే కుప్పం నుంచి కబురు వచ్చింది, పెళ్ళి సంగతి తర్వాత చూద్దామని. తర్వాత అంటే ఎప్పుడో ఎవరూ చెప్పలేదు. రెడ్డెప్ప భార్య వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం నేనే చూశాను.

ఒకరోజు రోడ్డు మొదట్లో గొడవగా ఉంటే పోయి చూశాను. ఒక యువకుడు, భుజాన సంచి, కానిస్టేబులుతో వాదిస్తున్నాడు. బస్సు ఇక్కడ ఆగదు గనక అవతలి ఊళ్ళో దిగి, కంప దాటుకుని నడిచి వచ్చాడు. ప్యాంటు అంచులు చిరిగి ఉన్నాయి.

"లోపలికి పోతే మళ్ళీ బయటికి వదలను. ఆలోచించుకో" అంటున్నాడు కానిస్టేబులు.

"నేను మోటార్లు వైండింగ్ చేసేవాణ్ణి సార్. రెడ్డెప్పగారి మోటారు కాలిపోయిండాదంట. సూసేదానికి వచ్చినా."

రెడ్డెప్ప మోటారు ఆ పొద్దున కూడా దివ్యంగా తిరిగింది. నేను అతన్ని పక్కకు పిలిచాను. "నిజం చెప్పప్పా, ఎవరు నువ్వు?"

అతను తల దించుకున్నాడు. "మురుగేశు అంటారక్కా. కుప్పం. ఆ ఇంటికి అల్లుడు కావాల్సినోణ్ణి. మావోళ్ళు పెండ్లి వద్దంటాండారు. ఊరికి రోగమొస్తే ఆ పిల్ల ఏం జేసింది? ఇప్పుడు రాకుండా, అంతా సర్దుకున్నాక వస్తే, ఆ పిల్ల మొగం నేనెట్ల సూసేది?"

అతనికి చెప్పాల్సినవన్నీ చెప్పాను. కాచిన నీళ్ళే తాగాలి, చేతులు సబ్బుతో కడగాలి, ఊరు తెరిచేదాకా కదలకూడదు. అన్నిటికీ తల ఊపాడు. ఖాళీగా ఉన్న పాల కేంద్రం గదిలో పడుకోమన్నాం. అవ్వకు మాత్రం ఇది నచ్చలేదు. "పెండ్లి కాకముందే అల్లుడు ఊళ్ళో తిరిగేది యాడన్నా ఉండాదా?" అని గొణిగింది. గొణుగుతూనే పూటపూటకూ క్యారియరు నింపి పంపింది.

బావి

వాన మళ్ళీ పడింది. తగ్గుతోందనుకున్న జబ్బు మళ్ళీ లేచింది. ఈసారి శైలజ పడిపోయింది. దూలానికి సెలైన్ సీసా కట్టి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పెదవులు ఎండిపోయి, కళ్ళు లోపలికి పోయాయి. మురుగేశు వీధిలో, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. లోపలికి రావడానికి ఇంకా హక్కు లేదు, దూరంగా పోవడానికి మనసు లేదు.

డాక్టరు వచ్చారు. శైలజను చూసి, అరుగు మీద కూర్చుని తల పట్టుకున్నారు. "మనం ఏదో వదిలేస్తున్నామండీ సుగుణగారూ. అన్నీ మూశాం, బావిలో పౌడరు కూడా కలిపాం. ఇంకా ఎక్కడి నుంచి వస్తోంది?"

"సార్, రోజూ ఇంటింటికీ తిరుగుతున్నాను. కాలనీలో ఒక్కరికీ లేదు" అన్నాను.

"ఒక్కరికీ?"

"ఒక్కరికీ లేదు సార్. నింద వాళ్ళ మీద ఉంది గాని, జబ్బు లేదు. వాళ్ళు బోరింగు నీళ్ళు తాగుతారు. ఈ బావి నీళ్ళు వాళ్ళకు ఎవరూ పొయ్యరు."

ఆయన లేచి బావి దగ్గరికి నడిచారు. నేనూ రెడ్డెప్పా వెంట పోయాం. చూడదలచుకుంటే కనిపించేదే. ఎగువ వైపు గోడలో రాళ్ళు ఊడి ఉన్నాయి. దానికి పైన పశువుల కొట్టాలు, మనుషులు దొడ్డికి వెళ్ళే చోట్లు. వాన పడినప్పుడల్లా ఆ మురుగంతా ఆ సందులోంచి బావిలోకి కారుతోంది. రాయి మీద నల్లటి చార కూడా ఉంది. పౌడరు ఎంత కలిపినా, తర్వాతి వానకు మళ్ళీ అదే.

ఎవరూ నీళ్ళు ముంచకుండా బావికి చెక్క పలకలు కప్పి మూసెయ్యాలన్నారు డాక్టరు. రెడ్డెప్ప ముఖం ఎర్రబడింది. "మా తాత తవ్వించిన బాయి సార్ ఇది. ఈ నీళ్ళు తాగే గదా మేమింతోళ్ళయింది."

"మీ తాతగారు కట్టినప్పుడు ఈ గోడ బాగానే ఉండి ఉంటుందండి" అన్నారు డాక్టరు నెమ్మదిగా. "ఇప్పుడు మీ అమ్మాయి లోపల పడుకుని ఉంది."

 రెడ్డెప్ప తనే పోయి పలకలు తెచ్చాడు.

బావి మూశాక మిగిలిన దారి ఒక్కటే. పుంగనూరు నుంచి ట్యాంకరు రమ్మంటే డ్రైవరు ఆ ఊరికి రానన్నాడు. తోటల్లో మోటార్లున్న బావులు కూడా వాననీళ్ళు దిగే తెరిచిన బావులే, ఊళ్ళో మంచినీళ్ళు ఉన్నది కాలనీ బోరింగులోనే. ఆ మాట నేను అనగానే అవ్వ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "సచ్చినా ఆ నీళ్ళు ఈ గడప తొక్కవు."

వీధిలో ఉన్న మురుగేశు ఆ మాట విన్నాడు. అరుగు మీద బోర్లించి ఉన్న ఇత్తడి బిందె తీసుకుని దిగువకు నడిచాడు. నేను వెంట పరుగెత్తాను.

వరస

బోరింగు దగ్గర కాలనీ ఆడవాళ్ళు నీళ్ళు కొట్టుకుంటున్నారు. పంపు పట్టుకుని ఉన్నది మార్తమ్మ. బలమైన మనిషి. కాలనీలో ఆమె మాటంటే మాటే. పై ఊరి బిందె చూడగానే ఆమె చెయ్యి ఆగింది.

"ఎవురప్పా నువ్వు?"

"రెడ్డెప్పగారికి అల్లుణ్ణి. అంటే, కాబోయే అల్లుణ్ణి."

ఆడవాళ్ళు నవ్వారు. మార్తమ్మ నవ్వలేదు. "అల్లుణ్ణి పంపినారా? వాళ్ళకు కాళ్ళు లేవా? నిన్నటిదాకా మేము రోగం తెచ్చినోళ్ళం. ఇప్పుడు మా నీళ్ళు కావాల్సి వచ్చెనా?"

ఆమె అన్న దాంట్లో అబద్ధం ఏముంది? మురుగేశు బిందె పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నేను, "ఆ పిల్లకు చానా కష్టంగా ఉండాది మార్తమ్మా" అన్నాను. నాకు తెలియకుండానే మా అమ్మ మాట్లాడే యాస వచ్చింది నా నోట.

 మార్తమ్మ బిందె అందుకుని పంపు కింద పెట్టింది. "నీళ్ళు నేను పుట్టించినానా, లేదనేదానికి? పట్టుకోని పో. ఒక మాట మాత్రం చెప్పు వాళ్ళకు. వాళ్ళ బాయి కాడ మమ్మల్ని దూరంగా నిలబెట్టినారు. మేము దూరంగా నిలబెట్టం. వరసలో నిలబెడతాం. ఎవురొచ్చినా వరసే. రెడ్డెప్ప వచ్చినా వరసే."

తిరిగి వచ్చేసరికి అవ్వ గుమ్మంలో అట్లాగే ఉంది. మురుగేశు బిందె గడప బయట దించాడు. చెంబు ముంచుకుని ఆమె చూస్తుండగా గటగటా తాగాడు.

"అవ్వా, నేను తాగినా. ఇంక నన్ను గూడా లోపలికి రానీవా?"

 లోపలికి వస్తానని అడిగిన అల్లుణ్ణి గడప బయట ఆపడం ఆ ఇంటి చరిత్రలో లేదు. అవ్వ అట్లా తటపటాయిస్తుండగా లోపల మంచం మీదనుంచి సన్నగా శైలజ గొంతు వినబడింది.

"అవ్వా, దప్పికగా ఉండాది."

అవ్వ పక్కకు జరిగింది. బిందె తనే ఎత్తుకుని పోయి పొయ్యి మీద కాచింది. చల్లార్చి, ఉప్పూ చక్కెరా నేను చెప్పిన కొలతకు కలిపి, మనవరాలి నోట్లో చెంచాతో పోసింది.  నేను అదేమీ గమనించనట్టు సెలైన్ సీసా వైపు చూస్తూ కూర్చున్నాను.

మర్నాటి పొద్దున రెడ్డెప్ప స్వయంగా రెండు క్యాన్లు తీసుకుని బోరింగుకు వచ్చాడు. పాలు పోసే క్యాన్లే, ఖాళీగా ఉన్నవి. నిజంగానే వరసలో నిలబడ్డాడు. ఆయన ముందు ఒక ముసలామె, వెనక ఒక చిన్నపిల్ల.  ఆయన వంతు వచ్చినప్పుడు మార్తమ్మే పంపు కొట్టింది. "ఇంట్లో పిల్లకు ఎట్లుండాది?" అని అడిగింది. "కండ్లు తెరిసింది" అన్నాడు. ఆ సాయంత్రం అవే క్యాన్లు పాలతో నిండి కాలనీకి దిగాయి. పాలు ఎవరు పంపమన్నారని నేను అడగలేదు. ఆ రోజునుంచి ఊరు తెరిచేదాకా నీళ్ళు పైకి, పాలు కిందికి పోతూనే ఉన్నాయి. అందరూ ఒకటే పంపు కొట్టేసరికి వాషరు అరిగి పంపు ఆగిపోయింది. అప్పుడు మురుగేశు నిజంగానే మెకానిక్కు పని చేశాడు. రెడ్డెప్ప తోట మోటారు పైపు వాల్వులోని తోలు ముక్క కోసి వేసి, గంట తిరక్కముందే నీళ్ళు తెప్పించాడు.

తెరిచాక

జబ్బు తగ్గింది. శైలజ లేచి తిరిగింది. గంగులప్ప తర్వాత ఇంకెవరూ పోలేదు. కానిస్టేబులు స్టూలు ఎత్తేశారు. పాల బండి హారను కొట్టుకుంటూ వచ్చిన పొద్దున ఆడవాళ్ళు ఆ డ్రైవరుకు హారతి పట్టారు. అతను సిగ్గుపడి బండి దిగలేదు.

బావి గోడను తిరిగి కట్టింది కాలనీ మేస్త్రీలే. కట్టడానికి మెట్లు దిగాల్సిందే గదా. పని అయ్యాక కూడా వాళ్ళు దిగడం మానలేదు, వద్దని అనడానికి ఎవరికీ నోరు రాలేదు. పెళ్ళి ఆ నెలలోనే జరిగింది. కుప్పం నుంచి మురుగేశు తల్లి మూతి ముడుచుకుని వచ్చింది. వంటకు ఏ నీళ్ళు అని ఆరా తీసింది. "మంచి బోరింగు నీళ్ళు వదినా, రోగమనేదే రాదు" అంది రెడ్డెప్ప భార్య. ఎవరి బోరింగో చెప్పలేదు.

ఆ పెళ్ళిలో ఊరంతా ఒకే పంక్తిలో కూర్చుని తిన్నారని రాస్తే అది అబద్ధం. కాలనీ వాళ్ళను పిలిచారు, వాళ్ళు వచ్చారు, వేరే పంక్తిలో కూర్చున్నారు. అవ్వ దేవుడి గదిలోకి చివరిదాకా బావి నీళ్ళే వాడింది. "స్వామికి వాంతిబేది రాదులే నర్సమ్మా" అని నాతోనే అంది. కానీ పెళ్ళినాడు నేను దాహమని అడిగితే అవ్వ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను తాగి, గ్లాసు ఆమె చేతికే ఇచ్చాను.  ఒక జబ్బు ఊరిని మొత్తం మార్చదు. ఎక్కడో ఒక రాయి కదులుతుంది. అది కదిలినప్పుడు మనం అక్కడ ఉండడమే ఈ ఉద్యోగంలో వచ్చే లాభం.

పెద్దాఫీసరుకు ఆ ఊరిని అదుపు చేసినందుకు మంచి పేరు వచ్చింది. మా డాక్టరుకు రాలేదు. దాని గురించి ఆయన ఒక్కసారి కూడా మాట్లాడలేదు. అందుకే ఆయన పెద్ద డాక్టరయ్యారని నేననుకుంటాను. అమ్మాయిలూ, అధికారి ఎంత పెద్దవాడైనా, జీపు దిగి వీధిలోకి రాకుండా ఆర్డరు వేస్తే, దాన్ని పాటిస్తూనే మీ కళ్ళతో మీరు చూడండి. మూయమంటే మూయండి. మూసేముందు లోపల ఏం తింటారో, ఏం తాగుతారో, ఆవుల పాలు ఎక్కడికి పోవాలో అడగండి. అది అడగకుండా వేసిన తాళం కొన్నాళ్ళకే ఊడిపోతుంది.

కుప్పంలో

రెండు వేల సంవత్సరం తర్వాత నన్ను కుప్పం బదిలీ చేశారు. అక్కడ ఒక ఏడు కీళ్ళు పట్టేసే జ్వరాలు వచ్చాయి. దోమల వల్ల వచ్చేవి. ప్రాణం తీయడం అరుదు గాని, మనిషిని నిలువునా వంచేస్తాయి. ఈసారి ఎవరూ ఏ వీధినీ మూయలేదు. వీధులే తమంతట తాము మూతపడ్డాయి. అంగళ్ళు తెరిచేవాళ్ళు లేరు. మంచం దిగి పొయ్యి దాకా నడిచే ఓపిక ఏ ఇల్లాలికీ లేదు.

అప్పుడు మా పై అధికారి ఒక మేడమ్. మైకు పెట్టి జాగ్రత్తలు చెప్పిద్దామా, దోమల మందు పొగ ముందు కొట్టిద్దామా అని నన్ను అడిగారు. అడిగే అధికారి దొరకడం అదృష్టం. "రెండూ చేద్దాం మేడమ్. ముందు ఏ ఇళ్ళలో పొయ్యి వెలగలేదో చూసి వద్దాం" అన్నాను. ఆమె నాతో నడిచారు. వీధి వీధంతా పొయ్యిలు చల్లగా ఉన్నాయి.

మురుగేశు మోటార్లు బాగుచేసే అంగడి ఉన్న వీధిలోనే అతని ఇల్లు. అతను కూడా మూలుగుతూ పడుకుని ఉన్నాడు. శైలజకు మాత్రం జ్వరం వచ్చి తగ్గిపోయింది. పొయ్యి వెలగని ఇళ్ళ సంగతి చెప్పగానే పెద్ద అండా బయటికి తీసింది. "రాగులు మా ఇంట్లోవి. కట్టెలు ఎవురైనా తెండి" అని వీధికంతా వినబడేట్టు అరిచింది. కాస్త నడవగలిగిన వాళ్ళంతా చేరారు. ఆడవాళ్ళు నీళ్ళతొట్లు బోర్లించి దోమపిల్లలను పారబోశారు. గంజి కాగాక మేడమ్ గిన్నె పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. చీర అంచుకు గంజి అయింది, ఆమె పట్టించుకోలేదు.

ఆ వీధి చివర పాపమ్మ అనే ముసలామె ఉండేది. ఎన్నో ఏళ్ళుగా నడుము వంగి, కర్ర పట్టుకుని నడిచేది. జ్వరం ఆమెను మాత్రం ముట్టలేదు. గంజి తాగడానికి అందరూ అరుగుల మీదికి వస్తుంటే ఆమె వాకిట్లో కూర్చుని చూస్తోంది. పడుచువాళ్ళు గోడలు పట్టుకుని వస్తున్నారు. మురుగేశు నడుము పట్టుకుని, కాళ్ళు ఎడంగా వేసుకుంటూ, ఊతకర్రకు బదులు చీపురు పట్టుకుని వచ్చాడు.

పాపమ్మ నోరారా నవ్వింది.

"ఇన్నేండ్లూ ఈ వీధిలో నేనొక్కతినే ముసల్దాన్ని నర్సమ్మా. ఇప్పుడు సూడు, అందురూ నా యీడోళ్ళే అయిపోయినారు."

వీధి మొత్తం పగలబడి నవ్వింది. నవ్వితే కూడా కీళ్ళు నొప్పి పుడుతున్నాయి, మోకాళ్ళు పట్టుకుని నవ్వారు. మేడమ్ గిన్నె కింద పెట్టి మరీ నవ్వారు.

"నవ్వించొద్దవ్వా, నొప్పి తాళలేకుండాము" అని మురుగేశు బతిమాలాడు.

"తాళకుంటే కూర్సోప్పా" అంది పాపమ్మ, తన పక్కన అరుగు మీద చేత్తో దుమ్ము తుడుస్తూ. "గంజి సల్లారిపోతాండాది."